టీ తాగకుండుటకు అనుమతి

మా వేములదిన్నె మున్సిపాలిటీలో మనిషి చనిపోతే ఆ సంగతి ధ్రువీకరించడానికి మాకు నలభై రోజులు పడుతుంది. బతికున్నవాడు ఒక కొట్లో టీ మానేస్తే మాత్రం మూడు రోజుల్లో నోటీసు ఇస్తాం. ఈ వేగం మాకు పుట్టుకతో వచ్చింది కాదు, విద్యాధరరావుగారు కమిషనర్‌గా వచ్చాక వచ్చింది. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా రాసింది నేనే కాబట్టి సంగతి నేను చెబితేనే బాగుంటుంది. నా పేరు కోటిలింగం, సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కసారి తప్ప సొంతంగా ఆలోచించిన పాపాన పోలేదు. ఆ ఒక్కసారీ ఈ ఫైల్లోనే.

మా ఆఫీసుకి ఎదురుగా చెంచురామయ్య టీకొట్టు. అల్లం దంచి వేస్తాడు, పాలు చిక్కగా ఉంటాయి, మా ఆఫీసు సగం అక్కడే నడుస్తుంది. వచ్చినవాళ్లందరికీ గాజు గ్లాసులో ఇస్తాడు. పోస్ట్‌మన్ జక్రయ్యకు కాగితం కప్పులో ఇస్తాడు. జక్రయ్య ఇల్లు మాలపల్లెలో. ఈ రెండు వాక్యాలకూ సంబంధం ఉందని మా ఊళ్లో ఎవరూ అనరు. అడిగితే చెంచురామయ్య, "పాపం, సైకిలు మీద తిరిగే మనిషి గదండీ, కప్పయితే చేత్తో పట్టుకుపోతాడని" అనేవాడు. జక్రయ్య తొమ్మిదేళ్లుగా ఆ కప్పుని ఎక్కడికీ పట్టుకుపోకుండా కొట్టు ముందు కరెంటు స్తంభం పక్కన నిలబడే తాగాడు. ఆ తొమ్మిదేళ్లలో నేను ఆయన పక్కన నిలబడి కొన్ని వందలసార్లు గ్లాసులో తాగి ఉంటాను. నాకు తేడా కనపడలేదు. కళ్లలో శుక్లాలున్నాయని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఒక మంగళవారం సాయంత్రం కప్పులు అయిపోయాయి.

"కప్పులైపోయినయ్ జక్రయ్యా, రేపు రా" అన్నాడు చెంచురామయ్య.

పళ్లెంలో ఇరవై గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద టీ మరుగుతోంది. జక్రయ్య గ్లాసుల వంక చూశాడు, టీ వంక చూశాడు, సైకిలెక్కి బస్టాండు దాకా పోయి మస్తాన్‌బీ బండి దగ్గర తాగాడు. మర్నాడు కప్పులొచ్చాయి. జక్రయ్య రాలేదు.

అంతకుమించి ఆయన చేసిందేమీ లేదు. ఇలాంటివాటికి చట్టం ఉంది, స్టేషను ఉంది, ఎవరో పొమ్మని కూడా చెప్పారట. "నా టీ నేను మానుకోటానికి ఎస్సైగారెందుకు?" అన్నాడట. రోజూ నాలుగింటికి వచ్చేవాడు, చెంచురామయ్యకు ఉత్తరాలుంటే ఇచ్చేవాడు, పదిమంది చూస్తుండగా సైకిలెక్కి బస్టాండు వైపు పోయేవాడు.

చెంచురామయ్యకు ఇది కంట్లో నలుసైంది. ఎవడైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. తాగని టీకి ఏమని జవాబు చెప్పాలి? "జక్రయ్య ఈడ ఆగట్లేదేంది?" అని అడిగినవాళ్లకు చెప్పలేక చెప్పలేక, చివరికి మా ఆఫీసులో ఫిర్యాదు పడేశాడు. తొమ్మిదేళ్ల ఖాతా మనిషి అకారణంగా టీ మానేసి నలుగురిలో తన పరువు తీస్తున్నాడనీ, తగు చర్య తీసుకోవాలనీ దాని సారాంశం.

మామూలు రోజుల్లో అయితే ఆ కాగితంలో మేం పకోడీలు తినేవాళ్లం. కానీ ఆ ఏడు 'వ్యాపార మిత్ర పట్టణం' అని ఒక పోటీ వచ్చింది. వ్యాపారుల ఫిర్యాదు ఒక్కటైనా పెండింగులో ఉంటే ఊరికి నక్షత్రాలు రావు. నక్షత్రాలు రాకపోతే కమిషనర్‌గారికి ప్రమోషన్ రాదు. పరిశీలన బృందం నెలన్నరలో దిగుతుంది.

"కోటిలింగంగారూ," అన్నారు విద్యాధరరావుగారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "కొట్టు తెరవాలంటే మన లైసెన్సు కావాలి. మూసేయాలంటే మన అనుమతి కావాలి. మరి కొట్టుకి రావడం మానేయాలంటే ఏమీ అక్కర్లేదా? పౌరుడు తన ఇష్టానుసారం కొనకుండా ఉండిపోవచ్చునా? ఇది విధానపరమైన శూన్యత."

"శూన్యతే సార్" అన్నాను. ఆ మాటకు అర్థం నాకు తెలియదు గానీ, దాన్ని పూడ్చడానికి ఫారం తయారుచేయమంటారని తెలుసు.

అలా పుట్టింది తొమ్మిదో నంబరు ఫారం, 'వ్యక్తిగత బహిష్కరణ అనుమతి దరఖాస్తు'. అలవాటైన కొట్టుకి వెళ్లడం మానేయదలచిన ప్రతి పౌరుడూ దాన్ని నింపాలి. అనుమతి వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగాలి. అంటే, టీ తాగనని దరఖాస్తు పెట్టినవాడు జవాబు వచ్చేదాకా ఆ టీ తాగుతూనే ఉండాలి. ఇవన్నీ కమిషనర్‌గారి ఆలోచనలు. ఏడో గడి ఒక్కటి నాది. మానేయడానికి కారణాన్ని ఒకే వాక్యంలో, స్వదస్తూరీతో, నిజమని ప్రమాణం చేసి రాయాలి. ఆ ఫారాన్ని పేరుతో సహా పదిహేను రోజులు నోటీసు బోర్డుకి అంటిస్తాం. నలుగురూ చదువుతారన్న సిగ్గుతో దరఖాస్తులు పెట్టరనీ, నాకు పని తగ్గుతుందనీ నా ఎత్తు. కమిషనర్‌గారు భుజం తట్టారు. ఆ రోజు ఇంటికి జిలేబీ తీసుకెళ్లాను.

మొదటి నోటీసు జక్రయ్యకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఒకరోజు ఆలస్యంగా అందింది. మొదటిరోజు జక్రయ్య వెళ్లేసరికి జక్రయ్య ఇంట్లో లేడట, ఉత్తరాలు పంచడానికి పోయాడట. రెండోరోజు తనకు తనే అందించుకుని, తన దగ్గర సంతకం తీసుకుని, రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విచారణకు వచ్చింది కూడా అప్పుడే, ఎటూ వచ్చాను గదాని.

"ఆ కొట్లో టీ ఎందుకు మానేశావయ్యా?" అని అడిగారు కమిషనర్‌గారు.

"తాగబుద్ధి కాలేదు సార్."

"బుద్ధి కారణం కిందికి రాదు. నువ్వు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగివి. స్థానిక వాణిజ్యాన్ని నిరుత్సాహపరుస్తున్నావని మీ పై అధికారులకు రాయవలసి వస్తుంది. కొండ ఊళ్లలో పోస్ట్‌మన్‌ల కొరత ఉందని వింటున్నాం."

జక్రయ్యకు ఇంకో ఏడాదిన్నర సర్వీసు ఉంది. భార్యకు మోకాళ్లు పనిచేయవు, గుమ్మం దిగాలన్నా చెయ్యి పట్టుకుని దింపాలి. ఆ మాట విన్నాక ఆయన చేతిలోని టోపీ రెండు మడతలు పడింది. నేను చూశాను. చూసి, ఫైల్లో పేజీ నంబరు వేసుకున్నాను.

"ఏం చెయ్యమంటారు సార్?"

"రేపటి నుంచి తాగు. లేదా ఫారం నింపు. నింపినా, అనుమతి వచ్చేదాకా తాగు."

"తాగనని చెప్పటానికి తాగాలా?"

"విధానం అదే."

జక్రయ్య టోపీ మడతలు విప్పాడు. "గ్లాసులో ఇస్తే తాగుతా సార్" అన్నాడు. అని, నా కలమే అడిగి తీసుకుని నిలబడే ఫారం నింపాడు. ఏడో గడి దగ్గర ఆగుతాడని చూశాను, ఆగలేదు. 'ఇరవై గ్లాసులు ఖాళీగా ఉండగా, కాగితం కప్పు లేదని నాకు టీ లేదన్నాడు' అని రాసి సంతకం పెట్టాడు. కొట్టివేత ఒక్కటీ లేదు. దాన్ని బోర్డుకి అంటించాను. ఊరంతా వచ్చి చదివింది. "ఓస్, ఇంతేనా! దీనికా ఇంత రాద్ధాంతం?" అని నవ్వుకున్నారు. నేనూ నవ్వినట్టే గుర్తు.

ఇంతలో కౌన్సిల్ సమావేశం జరిగింది. ఒక్కడికే నోటీసిస్తే అది వివక్ష కిందికి వస్తుందనీ, మాది సమదృష్టి గల మున్సిపాలిటీ అనీ, నిబంధనను ఊరందరికీ వర్తింపజేశారు. మిఠాయి కొట్టుకి రావడం మానేశాడని షుగరు జబ్బున్న లక్ష్మీకాంతం మాస్టారికి నోటీసు వెళ్లింది. ఆయన రక్తపరీక్ష కాగితాలు జతచేసి అనుమతి తెచ్చుకున్నారు, అనుమతి వచ్చేలోపు యథాతథ స్థితి కింద రోజుకి రెండు లడ్లు తిన్నారు, రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. సెలూనుకి ఆరేళ్లుగా పోవడం లేదని వీరభద్రానికి నోటీసు వెళితే, ఆయన ఆఫీసుకొచ్చి తలపాగా విప్పి నున్నటి బుర్ర చూపించాడు. దానికి కారణం ఒక్క వాక్యంలో రాయమన్నాం. 'దేవుడి దయ' అని రాశాడు. అవన్నీ పంచింది జక్రయ్యే.

గ్లాసులో ఇవ్వాలని చెంచురామయ్యకు ఉత్తర్వు ఇచ్చాం. అమలు ఎలా ఉందో చూడటానికి కమిషనర్‌గారూ నేనూ వెళ్లాం. చెంచురామయ్య నవ్వుతూ జక్రయ్యకు గ్లాసులో టీ ఇచ్చాడు. జక్రయ్య నిదానంగా తాగాడు. తాగి, గ్లాసుని తిరగేసి మా ముందు పెట్టాడు. అడుగున గోళ్ల రంగుతో పెట్టిన ఎర్రచుక్క ఉంది. మిగతా పంతొమ్మిదింటికీ లేదు.

"ఇదేందయ్యా?" అన్నాడు జక్రయ్య.

"అదా," అన్నాడు చెంచురామయ్య, ఏమాత్రం తడబడకుండా. "పోస్టు డబ్బా ఎర్రగా ఉంటది గదా. మీ డిపార్ట్‌మెంటు మీద గౌరవంకొద్దీ పెట్టా."

కమిషనర్‌గారు ఆ గ్లాసుని కిందికీ మీదికీ చూశారు. ఆయనకి చుక్క కనపడలేదు, నక్షత్రాలు కనపడ్డాయి. "సమస్య చుక్క కాదు," అన్నారు. "ఏకరూపత లేకపోవడం. ఒకదానికి ఉండి మిగతావాటికి లేకపోవడమే అసమానత. అన్నిటికీ చుక్క పెట్టించండి కోటిలింగంగారూ. దేశంలోనే మొట్టమొదటి సమాన గ్లాసుల కొట్టు మనదవుతుంది."

ఆదివారం ఉదయం సమాన గ్లాసుల ఉత్సవం జరిపాం. పందిరి, మైకు, పూలదండలు అన్నీ ఉన్నాయి. గోడల మీద నినాదాలు రాసే మా పెయింటరే ఇరవై గ్లాసులకూ ఒకే కుంచెతో ఒకే సైజు చుక్కలు పెట్టాడు. కమిషనర్‌గారు ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత ముఖ్య అతిథిగా జక్రయ్యను బెంచీ మీద కూర్చోబెట్టి, దండ వేసి, మొదటి టీ ఇప్పించారు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఫొటోలు తీశారు. జక్రయ్య తాగిన గ్లాసుని చెంచురామయ్య బకెట్లో ముంచి, కడిగి, తక్కిన పంతొమ్మిదింటి మధ్య బోర్లించాడు. ఫొటో సరిగా రావడానికి పెయింటరు వాటిని వరస మార్చి సర్దాడు.

అక్కడితో చప్పట్లు ఆగిపోయాయి.

ఇరవై గ్లాసులు, ఇరవై చుక్కలు. అందులో జక్రయ్య తాగిన గ్లాసు ఏది?

"రండి, రండి, అందరికీ టీ" అన్నారు కమిషనర్‌గారు మైకులో. చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక్కటీ ముందుకు రాలేదు. ఒకాయనకు ఎండ ఎక్కువైంది. ఒకాయన ఇంట్లో గ్యాస్ కట్టేయడం మరిచాడు. ఇంకొకాయన ఆ రోజు నుంచి గ్రీన్ టీ మొదలుపెట్టాడు. కమిషనర్‌గారికి ఎవరో ఫోన్ చేశారు, ఫోన్ మోగలేదు గానీ ఆయన మాట్లాడుతూ వెళ్లిపోయారు. నాకు ఏమొచ్చిందో చెబితే బాగుండదు. ఇంటికి పోయి మా ఆవిడ పెట్టిన కాఫీ తాగాను.

మర్నాటి నుంచి చెంచురామయ్య కొట్లో ఈగలు కూడా వాలలేదు. నాలుగింటికి ఒక్క జక్రయ్య వచ్చేవాడు. దరఖాస్తు పెండింగులో ఉంది కదా, యథాతథ స్థితి ప్రకారం బెంచీ మీద కూర్చుని గ్లాసులో తాగి పోయేవాడు. మూడో రోజు చెంచురామయ్య గొంతు తగ్గించి అడగడం, కిటికీలోంచి నేను విన్నాను.

"జక్రయ్యా, నీ దరఖాస్తు ఏమైంది?"

"రావాల."

"వచ్చినాక నువ్వూ మానేస్తే నా గతేంది?"

"వచ్చినాక గదా," అన్నాడు జక్రయ్య. "ఈ అల్లం నిన్నటిదా?"

పరిశీలన బృందం రావడానికి వారం రోజులుంది. ఆఫీసు ఎదురుగా ఖాళీ కొట్టు ఉంటే ఒక్క నక్షత్రం కూడా రాదు. విద్యాధరరావుగారు బల్ల గుద్దారు. "ఇది అనుమతి లేని సామూహిక బహిష్కరణ. ఒక్కొక్కరికీ నోటీసు ఇవ్వండి. తాగుతారా, ఫారం నింపుతారా, తేల్చుకోమనండి."

ఆ కొట్లో అలవాటుగా తాగేవాళ్ల జాబితా నేను అక్షరక్రమంలో తయారుచేశాను. మూడువందల పన్నెండు మంది తేలారు. కొత్తగా మేం సమదృష్టి అలవాటు చేసుకున్నాం కాబట్టి ఎవరినీ వదల్లేదు. 'వ' దగ్గర విద్యాధరరావుగారు ఉన్నారు, చూడకుండా తన నోటీసు మీద తనే సంతకం పెట్టారు. 'క' దగ్గర నేను ఉన్నాను.

నోటీసులన్నీ జక్రయ్య మూడు రోజుల్లో పంచాడు. జనం కొత్త సినిమాకి వచ్చినట్టు వచ్చారు ఫారాల కోసం. పేరు రాశారు. వయసు రాశారు. వృత్తి రాశారు. ఏడో గడి దగ్గర ఆగిపోయారు. ఒకే వాక్యం, స్వదస్తూరీ, ప్రమాణం, పదిహేను రోజులు నోటీసు బోర్డు. వరండా నిండా మనుషులు, అందరి చేతుల్లో కలాలు, రాస్తున్న చప్పుడు మాత్రం లేదు.

ఒకాయన 'ఎసిడిటీ' అని రాసి తెచ్చాడు. డాక్టరు కాగితం కావాలన్నాం. డాక్టరు ఈ ఊరివాడు కాదు, పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉన్నాడని రాసిచ్చాడు. ఇంకొకాయన 'శుభ్రత లేదు' అని రాశాడు. మొన్నటిదాకా అదే బకెట్లో కడిగిన గ్లాసుల్లో ఇరవై ఏళ్లు తాగారు కదా, కొత్తగా ఏం కలిసిందో వివరించమన్నాను. అది నా ఉద్యోగ ధర్మం. ఆయన నా వంక అదోలా చూసి ఫారం చింపేసుకున్నాడు. బియ్యం మిల్లు రామకోటేశ్వరరావుగారు మాత్రం పట్టుదల మనిషి. ఆఫీసు ఉత్తరాలు ఇవ్వడానికి వచ్చిన జక్రయ్యను పక్కకు పిలిచారు.

"ఏమోయ్ జక్రయ్యా, నీకు అలవాటే గదా. ఈ ఏడో దాంట్లో ఏం రాయాల?"

"ఉన్నది రాయండి సార్," అన్నాడు జక్రయ్య. "నేనట్టాగే రాశా. ఒక్క నిమిషం పట్టలా."

రామకోటేశ్వరరావుగారు ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మిల్లులో పనుందని వెళ్లిపోయారు. సాయంత్రానికి మూడువందల పన్నెండు ఫారాలు పోయి, ఒక్కటీ తిరిగి రాలేదు. కారణం మా ఊళ్లో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. రాయడానికే చేతులు రాలేదు.

బృందం వచ్చిన రోజు సాయంత్రం నాలుగింటికి చెంచురామయ్య కొట్టు ముందు వరస బస్టాండు మలుపు దాకా ఉంది. అనుమతి లేదు కాబట్టి అందరూ తాగాలి. ఎర్రచుక్కల గ్లాసులు ఒకరి తర్వాత ఒకరికి అందుతున్నాయి. కొందరు కళ్లు మూసుకుని తాగారు. కొందరు గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుంటే పొలమారింది. వాళ్ల చొక్కాలు పాడయ్యాయి. విద్యాధరరావుగారు బృందం ముందు చిరునవ్వుతో ఒక్క గుక్కలో మింగారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. బృందం నాయకుడు దాన్ని స్థానిక వ్యాపారం మీది అభిమానం కింద రాసుకున్నాడు. ఊరికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పెండింగు సున్నా కావాలి కాబట్టి ఆ మధ్యాహ్నమే తొమ్మిదో నంబరు ఫారాల్లో పూర్తిగా నింపినవన్నీ మంజూరు చేశాం. టీకొట్టు తాలూకు పూర్తిగా నింపినది ఒకటే ఉంది. అనుమతి పత్రం మీద ముద్ర నేనే వేసి ఇచ్చాను.

నా వంతు రావడానికి ముందు నేను చెయ్యగలిగినంత చేశాను. నా ఫారం జేబులోనే ఉంది. వరసలో నిలబడే, ముందున్నవాడి వీపు మీద పెట్టి, ఏడో గడిలో కలం ఆనించాను. 'నేను' అని రాశాను. ఇరవై ఆరేళ్లుగా ఎవరెవరి తరఫునో వేల వాక్యాలు రాసినవాణ్ని, నా తరఫున రెండో మాట రాయలేకపోయాను. సిగ్గేసింది. అది టీ తాగాల్సి వచ్చినందుకా, తాగలేకపోతున్నందుకా అని అడక్కండి. ఆ గడి తయారుచేసింది నేనే, అందులో పట్టేంత మనిషిని మాత్రం కాలేకపోయాను.

గ్లాసు నా చేతికి వచ్చింది. సరిగ్గా అప్పుడే జక్రయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చెంచురామయ్యకు ఒక ఉత్తరం ఇచ్చి, బస్టాండు వైపు తిరిగాడు. ఊరంతా చూస్తోంది. ఏదో ఒకటి అనాలని నాకు అనిపించింది.

"ఆగు జక్రయ్యా, టీ తాగిపో," అన్నాను. "ఇప్పుడు గ్లాసులన్నీ ఒకటే గదా."

జక్రయ్య కాలు నేలకు ఆనించి ఆగాడు. మా వరస మొత్తాన్నీ ఒకసారి చివరిదాకా చూశాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీరు తాగండి సార్," అన్నాడు. "నాకు పర్మిషనుంది."

మస్తాన్‌బీ బండి వైపు సైకిలు పోయింది. వెనక వరసలోవాళ్లు తొందరపెడుతున్నారు. నేను గ్లాసెత్తి తాగాను. అల్లం బాగానే వేశాడు.